130 చదరాలు అయిపోయినాయి, ఇంగ దుప్పటిగా ఎట్ల కలపల్ల?

తుంగభద్ర_ఒడ్డున, కర్నూలు:

అందరికీ నమస్తే. మా చిన్నపాప హిమాచల్‌లో హమీర్‌పూర్ ఎన్ఐటీలో చదువుతాంది. కర్నూల్లో పుట్టి పెరిగిన పిల్ల, ఇక్కడ డిసెంబర్లో ఫ్యాన్ ఆపుకుంటే అదే మనకు చలికాలం, అక్కడ పోయినేడు జనవరిలో ఫోన్ చేసి రెండు రగ్గులు కప్పుకున్నా పండ్లు కొట్టుకుంటాండాయి మా అని ఏడ్చింది. అందుకే నేను, మా పిన్ని కలిసి ఊలుతో క్రోషా (కొక్కెం సూదితో, అంటే హుక్‌తో అల్లేది) దుప్పటి మొదలుపెట్టినాం. గ్రానీ స్క్వేర్లు, అంటే మధ్య నుంచి చుట్టూ అల్లుకుంటా పోయే చదరాలు, ఆరేసి రౌండ్లు (సుట్లు), నాలుగు రంగులు, చివరి రౌండ్ అన్నిట్లోనూ మెరూన్. అడ్డం 10, నిలువు 13 అనుకున్నాం, మొత్తం 130 చదరాలు అయిపోయినాయి. దసరా సెలవులకు వస్తాది, పోయేటప్పుడు ఇచ్చి పంపల్ల.

ఇప్పుడు అసలు పని ముందరుంది. మా పిన్ని చెయ్యి బిగువు, నా చెయ్యి వదులు. నేను చేసినవి ఆరంగుళాలు వచ్చినాయి, ఆమెవి ఐదున్నరే. కుట్లు లెక్కపెడితే ఇద్దరివీ ఒక్కటే, ఒక్కో వైపు 18 డబుల్ క్రోషేలు (పొడుగు కుట్లు). పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం తేడా కొట్టొచ్చినట్లు కనపడతాంది. పైగా దారం తోకలు (ప్రతి రంగుకు మొదట్లో, చివర్లో మిగిలే కొసలు), చదరానికి నాలుగు రంగులంటే ఎనిమిది తోకలు, 130కి 1040 తోకలు, తలుచుకుంటేనే గుండె దడ. పిన్ని చేసినవాట్లో కొన్నిటికి తోక రెండంగుళాలు కూడా లేదు.

అంగట్లో మెరూన్ ఇంగా దొరుకుతాంది గానీ లాట్ నంబర్ (ఒకేసారి రంగు వేసిన ఉండలకు ఇచ్చే నంబరు) వేరే, పగలు వెలుతుర్లో చూస్తే రోంత తేడా. అన్నీ ఆక్రిలిక్కే (గొర్రెది కాదు, కృత్రిమ ఊలు). సూదితో కుట్టల్లనా, హుక్‌తో అతకల్లనా? బార్డర్ ఎంత వెయ్యల్ల? ఉతికి ఇయ్యల్లనా అట్లే ఇయ్యొచ్చా? మాకు ఇంట్లో బోరు నీళ్లు, సానా ఉప్పగా ఉంటాయి. ఇంత పెద్దది చేసినోళ్లు ఎవరన్నా ఉంటే కాస్త వివరంగా చెప్పండి.

—

కడప_కుట్టుపని:

అక్కా ముందు నీకు, మీ పిన్నికి ఇద్దరికీ దండం. 130 చేసేదాకా ఓపిక పట్టేవాళ్లు తక్కువ, సానామంది నలభై యాభై దగ్గర ఆపేసి కుర్చీ మీద కప్పే గుడ్డగా మార్చేస్తారు.

ఇద్దరి చేతుల తేడా గురించి దిగులు పెట్టుకోవద్దు. 2016 జనవరిలో చెన్నైలో ఆడోళ్లు వందలాదిగా కలిసి క్రోషా దుప్పటి చేసి గిన్నిస్ రికార్డు కొట్టినారు, 11,148.5 చదరపు మీటర్లు. అన్ని వందల చేతుల బిగువులు, వదులులు ఒక్క దాంట్లో కలిసినాయి గదా. నీవి రెండు చేతులే.

నేనైతే అతికే పని తలపెట్టక ముందే సైజులు సరిచేస్తా. ఒకసారి అతికినాక తేడా సరిచేయడం కాదు, చిన్న చదరం పెద్దదాన్ని లాగి దుప్పటంతా ముడతలు ముడతలుగా లేస్తాది. పిన్ని చేసిన ప్రతి చదరం చుట్టూ మెరూన్‌తోనే ఒక సింగిల్ క్రోషే (పొట్టి కుట్టు) రౌండ్ వెయ్యి. మూలకు మూడు కుట్లు. ఒక రౌండ్ సుమారుగా వైపుకు పావంగుళం ఇస్తాది, రెండు వైపులా కలిసి అరంగుళం, నీకు తక్కువైంది అంతే గదా.

తోకల సంగతి. మొద్దు మొన సూది తీసుకో, దబ్బనం వద్దు, దబ్బనం మొన దారాన్ని చీలుస్తాది. తోకను ఒక దిక్కు రెండంగుళాలు అదే రంగు కుట్ల లోపల పోనీ, వెనక్కి తిప్పి ఒక కుట్టు వదిలి మళ్లీ రానీ, మూడోసారి ఇంకో దిక్కు పోనీ. మూడు దిక్కులు పోయిన తోక వాషింగ్ మెషిన్లో కూడా బయటికి రాదు. ఉత్త ముడి వేసి కత్తిరిస్తే ఆక్రిలిక్ జారుడు దారం, రెండు ఉతుకులకే ఊడొస్తాది. మధ్యలో మొదటి రింగ్ తోకను మాత్రం రింగ్ చుట్టూ రెండు సుట్లు తిప్పే దాకా వదలొద్దు, ఆడ ఊడితే చదరం మధ్యలోనే బొక్క పడతాది.

రెండంగుళాల తోకలకు ఒక పద్ధతుంది. ముందు దారం ఎక్కించకుండా ఉత్త సూదినే కుట్ల కిందుగా దూర్చు, సూది కన్ను తోక పక్కనే ఉండేట్టు ఆపు, అప్పుడు ఆ పొట్టి తోకను కన్నులోకి ఎక్కించి సూది లాగు. అంగుళం తోకను కూడా ఇట్ల దాచొచ్చు.

రోజూ సాయంత్రం సీరియల్ టైంలో పది చదరాలు పెట్టుకో, ఇద్దరూ కూర్చుంటే దసరాకు ఎంతో ముందే అయిపోతాయి.

—

ఎర్రమట్టి_దారి, అనంతపురం:

పైన చెప్పిన సింగిల్ క్రోషే రౌండ్ మంచి మాట, దానికి ఒకటి కలుపుతా. రౌండ్ పిన్నివాటికి మాత్రమే వేస్తే ఆమె చదరానికి వైపుకు 18 పోయి 20 కుట్లు అవుతాయి, మూల కుట్టు వదిలేసి లెక్క. మీవి 18 మీదే ఉంటాయి. 18ని 20కి అతకాలంటే ప్రతి వైపూ రెండు కుట్లు మింగాల, 237 వైపులు అతికేటప్పుడు ప్రతిసారీ అదే లెక్క గుర్తు పెట్టుకోవడం అయ్యే పని కాదు. అందుకని మొత్తం 130కీ రౌండ్ వేయండి. మీ చదరాలకు 3.5 ఎంఎం హుక్‌తో కాస్త బిగువుగా, పిన్ని చదరాలకు 4.5 లేదా 5 హుక్‌తో వదులుగా. కుట్ల లెక్క అన్నిట్లో 20, సైజూ దగ్గరికొస్తుంది. దారం చాలుతుందా అని అనుమానమొస్తే వంటింటి త్రాసు మీద ఉండ బరువు చూసుకోండి, పది చదరాలకు వేసి మళ్లీ తూచండి, తగ్గినదాన్ని పదమూడుతో హెచ్చేయండి, అంతే.

కొత్త లాట్ మెరూన్ విషయం. ఒక పక్క పాతది ఇంకో పక్క కొత్తది వాడితేనే కంటికి తెలుస్తుంది. ఈ రౌండ్ 130కీ ఒకే కొత్త లాట్‌తో వేసి, అతకడానికీ అదే వాడితే చదరాల చుట్టూ సన్నని గీత మాదిరి కావాలనే వేసినట్టు ఉంటుంది. కాబట్టి ఆ లాట్ నంబరుదే కాస్త ఎక్కువ తెచ్చి పెట్టుకోండి, మళ్లీ పోతే అదీ అయిపోయి ఉంటుంది.

ఇంక అతకడం. ఒక్కో చదరం తీసుకుని నాలుగు వైపులా అతుక్కుంటూ పోవద్దు. అన్నీ నేల మీద పరిచి రంగులు చూసుకోండి, పిన్నివి ఒక మూలకే చేరకుండా చెదరగొట్టండి, నచ్చినాక ఫోన్లో ఫోటో తీసుకుని వరుసల వారీగా పేర్చి ప్రతి కట్ట మీద నంబరు చీటీ పెట్టండి. ఇంట్లో పిల్లులు, చిన్నపిల్లలు ఉంటే ఈ చీటీలే కాపాడేది. తర్వాత అడ్డ గీతలు మొదట. మొదటి వరుస పది, రెండో వరుస పది ఎదురెదురుగా పెట్టి ఒకే దారంతో ఈ చివర నుంచి ఆ చివర దాకా. 13 వరుసలకు 12 అడ్డ గీతలు. అన్నీ అయినాక నిలువు గీతలు తొమ్మిది. మొత్తం 21 గీతలు, గీతకు రెండు తోకలు అనుకున్నా అతికే పనికి కొత్తగా వచ్చేవి 42 తోకలే. చదరం చదరం అతికితే మళ్లీ వందల్లోకి పోయేవి. నాలుగు చదరాలు కలిసే చోట దారం తెంపకుండా ఒక చైన్ (గొలుసు కుట్టు) వేసి దాటేయండి, నిలువు గీత వచ్చినప్పుడు ఆ చైన్ మీదుగానే పోతుంది, సందు కనపడదు.

సూదా హుక్కా అంటే నేను హుక్కే అంటా. రెండు చదరాలూ మొహాలు పైకి పెట్టి, పక్కపక్కన ఆనించి, రెండిటి బ్యాక్ లూపుల్లోంచి (కుట్టు పైన కనపడే రెండు పోగుల్లో వెనకది) స్లిప్ స్టిచ్, అంటే దారాన్ని లాగి హుక్ మీది లూపులోంచి నేరుగా తీసేసే కుట్టు. చదునుగా వస్తుంది, వీపు కింద గట్టులాగా ఒత్తుకోదు, తప్పొస్తే లాగితే ఊడిపోతుంది, సూదితో కుట్టింది విప్పాలంటే ఏడుపొస్తుంది. ఒక్కటే, స్లిప్ స్టిచ్ బిగువు ఎక్కువ, అందుకని హుక్ ఒక సైజు పెద్దది తీసుకోండి, లేదంటే గీతలన్నీ కుంచించుకుపోయి చదరాలు మెత్తల మాదిరి ఉబ్బుతాయి. సింగిల్ క్రోషేతో అతికితే పైకి గట్టు తేలుతుంది, కొందరికి అది అందం, మీ ఇష్టం.

మా వైపు కురుబోళ్లు నేసే నల్ల కంబళి చలికి దీన్ని మించింది, అందులో అనుమానం లేదు, అసలైన గొర్రె ఊలు. కానీ హాస్టల్లో ఆడపిల్ల మెడకు ఆ గరుకు ఓర్చుకోవడం కష్టం, మీ దుప్పటి మెత్తగా ఉంటుంది.

—

కొత్త_హుక్కు:

నేను కొత్తగా నేర్చుకుంటున్నా, 1040 తోకలు చదివి భయమేసింది. నైలాన్ తాడు కొస కొవ్వొత్తితో కాలుస్తారు కదా, అట్లా ఊలు తోకలు కూడా కాల్చి అతికించేస్తే అయిపోదా?

—

టైలర్_అన్న, ప్రొద్దుటూరు:

వద్దమ్మా, ఆ పని ఎవరూ చేయొద్దు. ఆక్రిలిక్ కరిగి ఆగిపోయేది కాదు, అంటుకుని మండుతాది. ఆరినాక నల్లటి గట్టి పూస మిగులుతాది, అది చర్మానికి గీసుకుంటాది, పైగా ఆ చుక్క వేడికి పక్క కుట్టు కూడా తెగిపోతాది. కప్పుకునే వస్తువు దగ్గర నిప్పు మాటే వద్దు.

క్రోషా నాకు చేతకాదు, మా ఆవిడ చేస్తాది. ఇస్త్రీ, లైనింగ్ నా పని, ఆ రెండూ చెప్తా.

అతకక ముందు చదరాలు చదును చేసుకోవల్ల. మందంగా మడిచిన పాత నూలు దుప్పటి మీద చాక్‌పీసుతో అనుకున్న సైజు చదరం గీసుకోండి, రౌండ్ వేసినాక అన్నీ ఎంత వస్తాండాయో చూసి ఆ కొలత. చదరాన్ని గీత దాకా లాగి నాలుగు మూలల్లో, వైపు మధ్యల్లో తుప్పు పట్టని గుండు పిన్నులు గుచ్చండి. పైన తడిపి పిండిన తెల్ల నూలు గుడ్డ. ఇస్త్రీ పెట్టెను ఆ గుడ్డకు అంగుళం పైన పట్టుకోవల్ల, ఆనించకూడదు. ఆవిరి మాత్రమే తగలల్ల. ఐదారు సెకండ్లు, తీసేయండి, పూర్తిగా చల్లారినాకే పిన్నులు తీయండి. ఇస్త్రీ పెట్టె నేరుగా పెట్టినారంటే ఆక్రిలిక్ అక్కడికక్కడే సచ్చిపోతాది, సాగిన రబ్బరు మాదిరి జీవం లేకుండా, మెరుస్తా, చదునుగా అయిపోతాది, మళ్లీ ఏం చేసినా తిరిగి రాదు. కాబట్టి మొదట ఒక అక్కరలేని చదరం మీద పెట్టి చూడండి. ఊరికే నీళ్లల్లో తడిపి పిన్ను కొట్టి ఆరబెడితే నూలుకు, గొర్రె ఊలుకు పనిచేస్తాది గానీ ఆక్రిలిక్ నిలబడదు, ఉతికినాక మొదటి మాదిరే ముడుచుకుంటాది.

ఇంగ రెండోది. గ్రానీ స్క్వేర్ అంటే సందులు ఉంటాయి. ఆ సందుల్లోంచి చలి గాలి నేరుగా వస్తాది. హిమాచల్ అంటున్నారు కాబట్టి వెనక ఫ్లానెల్ గుడ్డ లైనింగ్ వెయ్యండి. ఫ్లానెల్‌ను ముందు ఒకసారి నీళ్లల్లో నానబెట్టి ఆరబెట్టి ఇస్త్రీ చేసినాకే కత్తిరించండి, నూలు గుడ్డ కుంచించుకుంటాది, దుప్పటి కుంచించుకోదు, కుట్టినాక ఉతికితే దుప్పటి గుడ్డ వెనకాల సంచి మాదిరి వేలాడతాది. అంచుల చుట్టూ చేతికుట్టు. లోపల నాలుగు చదరాలు కలిసే మూలలు మీ లెక్కకు 108 ఉంటాయి, అన్నీ కాకపోయినా ఒకటి విడిచి ఒకటి టాకా వేయండి, లైనింగ్ జారదు. కాలి వేళ్లు సందుల్లో ఇరుక్కుని కుట్లు తెగే బాధ కూడా పోతాది. బరువు పెరుగుతాది, రైల్లో పోయేవాళ్లకు ఇబ్బంది లేదు, విమానం అయితే ఆలోచించుకోండి.

—

కడప_కుట్టుపని:

లైనింగ్ సంగతి అన్న చెప్పింది నిజం. కానీ అక్కా, ఫ్లానెల్ వేస్తే వెనకవైపు తోకల మీద గుడ్డ ఉంటాది కదా అని మూడు దిక్కులకు బదులు ఒక దిక్కే పోనిచ్చి సరిపెట్టొద్దు. లోపల ఊడిన కుట్టు నీకు బయటికి కనపడే లోపల బొక్క పెద్దది అయిపోయి ఉంటాది, లైనింగ్ విప్పితే గానీ చేతికి అందదు.

—

తుంగభద్ర_ఒడ్డున, కర్నూలు:

అందరికీ సానా సానా థ్యాంక్స్. ఇంత వివరంగా నాకు ఏ వీడియోలోనూ దొరకలేదు. నిన్న ఆదివారం మా పిన్నిని పిలిపించుకుని అన్నీ చదివి వినిపించినా. అన్నిటికీ సింగిల్ క్రోషే రౌండ్ వేసేదానికి ఆమె ఒప్పుకునింది, పది చదరాలకు వేసి తూచినాం కూడా, ఉన్న దారం చాలదు, వన్‌టౌన్‌లో అంగడాయన దగ్గర ఒకే లాట్ ఉండలు అన్నీ పక్కన పెట్టించుకున్నా. పిన్ని చదరం 5 ఎంఎం హుక్‌తో, నాది మూడున్నరతో వేసి ఒకదాని మీద ఒకటి పెడితే మూలకు మూల కూర్చునింది, ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. లైనింగ్‌కు లేత బూడిద రంగు ఫ్లానెల్ అనుకుంటాండాం, మురికి కనపడదని.

ఇంగ రెండే అనుమానాలు. బార్డర్, ఉతకడం.

—

ఎర్రమట్టి_దారి, అనంతపురం:

మూలకు మూల కూర్చున్నాయంటే సగం పని అయినట్టే, చాలా సంతోషం.

బార్డర్ మొదటి రౌండ్ సింగిల్ క్రోషే. చదరానికి 20 కుట్లు, రెండు చదరాలు కలిసే చోట ఆ రెండు మూల కుట్లనూ కలిపి ఒకే కుట్టు. అంటే పది చదరాల వైపు 200కి 9 కలిపి 209, పదమూడు చదరాల వైపు 260కి 12 కలిపి 272. ఎదురెదురు వైపులు సమానంగా ఉన్నాయా లేదా అనేది ఈ రౌండ్లోనే తేలాల, రెండో రౌండ్‌కు పోయినాక సరిచేయడం కుదరదు. పాతిక కుట్లకు ఒక రంగు దారం ముక్క గుర్తుగా కట్టుకుంటూ పొండి, ఎవరైనా పిలిచి లేచిపోయినా లెక్క పోదు. దుప్పటి నాలుగు మూలల్లో మాత్రం మూడు కుట్లు. నేల మీద పరిచి చూడండి, అంచు అలలు అలలుగా లేస్తే కుట్లు ఎక్కువైనట్టు, గిన్నె మాదిరి లోపలికి ముడుచుకుంటే తక్కువైనట్టు. ఏ వైపు అలా ఉందో అక్కడి దాకా విప్పుకుని సరిచేసుకోండి, బద్ధకించొద్దు, లైనింగ్ వేసినాక అది ఇంకా ఎక్కువ కనపడుతుంది.

తర్వాత రెండు మూడు రౌండ్లు డబుల్ క్రోషే, వెడల్పు మీ ఇష్టం. చివరి రౌండ్ వెనక్కి సింగిల్ క్రోషే వేస్తే నాకు ఇష్టం, ఎడమ నుంచి కుడికి పోతూ వేసేది. తాడు పేనినట్టు గుండ్రంగా వస్తుంది, అంచు ముడుచుకోదు, ఎన్నాళ్లు వాడినా సాగదు. చెయ్యి అలవాటు లేక మొదటి కాసేపు ఇబ్బందిగా ఉంటుంది, ఒక చదరం మీద పట్టు దొరికేదాకా వేసుకోండి.

ఉతకడం మాత్రం తప్పదు. ఇన్ని నెలలు చేతుల్లో, ఒళ్లో, నేల మీద తిరిగినది, చేతి చెమట ఉంటుంది. అయితే లైనింగ్ కుట్టక ముందే ఉతకండి. బోరు నీళ్లు వద్దు, మన వైపు నీళ్లకు సబ్బు నురగే రాదు, తెల్లటి పొర దారంలో కూర్చుని ఊలు గరుకెక్కుతుంది. మీకు కొళాయిలో తుంగభద్ర నీళ్లు వస్తాయి కదా, అవి రెండు బకెట్లు పట్టి పెట్టుకోండి. చల్లటి నీళ్లు, కొంచెం ద్రవం సబ్బు, పిండొద్దు, రుద్దొద్దు, ఊరికే అదిమి వదలండి. మెషిన్లో వేయాలంటే పెద్ద దిండు గలీబులో పెట్టి మూతి కట్టి డెలికేట్‌లో, వేడి నీళ్ల బటన్ జోలికి పోవద్దు. అంతకుముందు ఒక తడి తెల్లగుడ్డ మెరూన్ మీద అదిమి చూడండి, ఆక్రిలిక్ మామూలుగా రంగు దిగదు కానీ చూసుకుంటే నష్టం లేదు.

తీగ మీద వేలాడదీయొద్దండీ, ఇది ముఖ్యం. తడి ఊలు బరువుకు కిందికి సాగిపోయి మీ చదరాలన్నీ నిలువు పెట్టెలు అయిపోతాయి. మిద్దె మీద నులక మంచం వేసి పైన పాత చీర పరిచి దాని మీద ఆరేయండి, నీడ పట్టున. కర్నూలు ఎండలో రంగు వెలిసిపోతుంది, గాలి చాలు.

—

తుంగభద్ర_ఒడ్డున, కర్నూలు:

నులక మంచం మా నాయన కట్టించింది ఉంది, పాత మిద్దె మీదే. ఒకటి అడుగుతా, బార్డర్ మొదటి రౌండ్‌కు ఏ హుక్? అతకడానికి పెద్దది వాడినాక మళ్లీ చిన్నదానికి రావల్లనా?

—

కడప_కుట్టుపని:

రావల్ల. బార్డర్ మొదటి రౌండ్ నాలుగు ఎంఎంతో వెయ్యి, అంచు బిగువుగా నిలబడతాది. డబుల్ క్రోషే రౌండ్లకు మళ్లీ నాలుగున్నర. చివరి రౌండ్ వెనక్కి వేసేది కూడా నాలుగున్నరతోనే, చిన్నదాంతో వేస్తే అంచు లాగేస్తాది. అయినాక ఫోటో తప్పకుండా పెట్టక్కా, వెనకవైపు కూడా.